తొలి మోతాదు ఏ రూపంలో?

ప్రయోగశాలలో పుట్టిన కొత్త మందు మనిషి నోట్లో పడాలంటే ముందు దానికొక రూపం రావాలి. పొడిగా ఇవ్వాలా, ద్రవంగానా, క్యాప్సూల్‌లో పెట్టా, మాత్రగా కొట్టా? ఏ నూనెలో కలపాలి, ఏ జిగురుతో పట్టించాలి, ఎంత నీటితో మింగించాలి? మందుల గురించి తెలుగులో వచ్చే రాతల్లో ఈ ఘట్టం దాదాపుగా కనిపించదు. అణువును కనిపెట్టిన శాస్త్రవేత్త గురించి రాస్తాం, బజారుకొచ్చిన మాత్ర ధర గురించి రాస్తాం. ఎలుకలకూ కుక్కలకూ ఆ తర్వాత మొట్టమొదటి వలంటీర్లకూ ఇవ్వడానికి ఫార్ములేషన్ విభాగం వాళ్లు కొన్ని వారాల్లో తయారుచేసే ఆ తొలి రూపాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒక మందు బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. బతకాల్సిన మందు పోవడానికీ, పోవాల్సింది ఇంకొన్నేళ్లు డబ్బు తింటూ నిలబడటానికీ కూడా అదే కారణమవుతుంది.

ఈ ప్రశ్నను హైదరాబాద్ పాతబస్తీ నుంచి మొదలుపెట్టడం సబబు. చార్మినార్ పక్కనే మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించిన నిజామియా యునానీ దవాఖానా, దాంతోపాటే తిబ్బీ కాలేజీ ఉన్నాయి. అక్కడి వైద్యంలో మందు పేరులోనే రూపం ఉంటుంది. సఫూఫ్ అంటే పొడి, ఖుర్స్ అంటే బిళ్ళ, హబ్ అంటే గోలీ, అర్ఖ్ అంటే బట్టీ పట్టిన ద్రవం, జోషాందా అంటే కషాయం. తేనె పాకంలోనో చక్కెర పాకంలోనో మూలికల పొడి కలిపితే మాజూన్, పాకాన్ని తెల్లబడేదాకా గిలక్కొడితే ఖమీరా. ఏ రోగికి ఏ రూపం, పరగడుపునా తిన్నాకా, నీళ్లతోనా పాలతోనా అన్నది హకీము చీటీలో మందుతో సమానంగా ఉండే సంగతి. మన ఆయుర్వేద వైద్యులు అనుపానం చెప్పకుండా మందివ్వరు కదా, అదే పద్ధతి. చేదును పాకం మింగేస్తుంది, చిక్కటి చక్కెరలో బూజు పట్టదు, ముసలివాళ్లు నాలుకతో చప్పరించి తినగలరు. ఈ మూడు సమస్యలూ నేటి ఫార్ములేషన్ శాస్త్రవేత్త బల్ల మీద రోజూ ఉండేవే.

ఆ పద్ధతి తీర్చలేకపోయిన సమస్య ఇంకొకటుంది. చెంచాడు మాజూన్‌లో అసలు మందు ఎంత? డబ్బా పైనుంచి తీసిన చెంచాలోనూ అడుగునుంచి తీసిన చెంచాలోనూ అంతే ఉందా? పోయిన ఏడు వానకాలంలో కోసిన మూలికలోనూ ఈ ఏడు కోసినదానిలోనూ సత్తువ ఒకటేనా? మందును పరీక్షకు పెట్టాలంటే ముందు జవాబు కావాల్సినవి ఇవే. ఎర్రగడ్డలోని జాతీయ చర్మవ్యాధుల యునానీ పరిశోధనా సంస్థ బొల్లి మీద దశాబ్దాలుగా చేస్తున్న పనిలో ఈ మార్పు కనిపిస్తుంది. అక్కడ పాత యోగాలకు యునిమ్-001, యునిమ్-003 అని సంకేతాలు పెట్టి, మొదటిది కడుపులోకి, రెండోది మచ్చ మీద పూతకు ఇచ్చారు. పాత మందుకు అంకె పెట్టడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. రోగికి ఇచ్చింది ఫలానాదేనని, రేపు ఇచ్చేదీ అదేనని పూచీ పడటమే ఆ అంకె ఉద్దేశం. ఆ పూచీ లేనిదే ఎన్ని వేలమందికి నయమైందని చెప్పినా అది వైద్యుడి అనుభవంగానే మిగులుతుంది తప్ప పరీక్ష కాదు.

ఇక నేటి పద్ధతికి వద్దాం. కొత్త అణువు మొదట ఎలుకల దగ్గరకు వెళ్తుంది. గొంతులోంచి కడుపులోకి సన్నని గొట్టం దించి మందు పోస్తారు, దాన్ని గావేజ్ అంటారు. ఎలుక బరువు కిలోకు లెక్కగట్టి ఇంత ద్రవమని పోయాలి కాబట్టి మందు ద్రవంలోకి రావాలి. నీటిలో కరిగితే చిక్కులేదు. కరగకపోతే మిథైల్ సెల్యులోజ్ జిగురు నీటిలో కలిపి తేలగట్టిన సస్పెన్షన్ చేస్తారు, పాలిసార్బేట్ చుక్క వేస్తారు, పాలిఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగిస్తారు, లేదా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర ఉంగరంలో అణువును ఇరికిస్తారు. ఇవన్నీ నిరపాయమైన అలంకారాలు కావు. పాలిఎథిలీన్ గ్లైకాల్ ఎక్కువైతే జంతువుకు విరేచనాలవుతాయి, ఆ నేరం మందు మీద పడుతుంది. అందుకే మందు లేకుండా ఉత్త ద్రవం మాత్రమే పోసిన జంతువుల గుంపు ఒకటి పక్కన ఉండి తీరాలి.

ఎలుకలో ఏ మోతాదు వరకు హాని కనిపించలేదో చూసి, దాన్నుంచి మనిషికి తొలి మోతాదు కడతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఎలుక మోతాదును 6.2తో భాగిస్తే మనిషికి సమానమైన మోతాదు వస్తుంది. దాన్ని మళ్లీ కనీసం 10తో భాగిస్తారు. ఎలుకకు కిలోకు 50 మి.గ్రా. వరకు భద్రమని తేలితే 60 కిలోల మనిషికి తొలి మోతాదు సుమారు 48 మి.గ్రా. లెక్క చక్కగా ఉంది. కానీ ఆ 50 మి.గ్రా.లో ఎలుక రక్తంలోకి వెళ్లింది ఎంత? మందు సస్పెన్షన్‌లో ముద్దకట్టి, పేగుల్లో కరక్కుండా మలంలో పోయి ఉంటే, మనం భద్రమని రాసుకున్నది మందు భద్రత కాదు, మందు కరగకపోవడం. మోతాదు రెట్టింపు చేసినా రక్తంలో స్థాయి పెరగడం లేదంటే శాస్త్రవేత్త గుండె ఝల్లుమనాలి. రేపు మెరుగైన క్యాప్సూల్ చేసి మనిషికిచ్చాక అదే మందు పూర్తిగా కరిగిందంటే, ఎలుక ఎన్నడూ చూడని స్థాయిని మనిషి చూస్తాడు. ప్రతి మోతాదు దగ్గరా జంతువు రక్తంలో మందెంతుందో కొలిచి తీరాలనడం ఇందుకే. తొలి రూపం గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ప్రమాదం చుట్టూనే తిరుగుతుంది.

ఎలా ఇచ్చారన్నదే పరీక్ష ఫలితాన్ని మార్చేయగలదని హైదరాబాద్‌కు చాలా ముందే తెలిసి ఉండాల్సింది. 1888లో, మళ్లీ 1889లో ఇక్కడ మత్తుమందు క్లోరోఫామ్ మీద కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి నాయకుడు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్ల మీద పరీక్షించి, క్లోరోఫామ్ వల్ల ముందు శ్వాసే ఆగుతుంది కాబట్టి శ్వాసను కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని తేల్చారు. ఆ తీర్పు ప్రపంచమంతా పాకింది. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద పనిచేసి, తక్కువ గాఢతలో ఇచ్చినప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించాడు. జంతువుల సంఖ్య హైదరాబాద్ పరీక్షను కాపాడలేదు. మందు ఒకటే, ఇచ్చిన తీరు వేరు, సత్యం వేరుగా కనిపించింది. అది పీల్చే మందు, మనది మింగే మందు. అయినా అఫ్జల్‌గంజ్ వంతెన మీదుగా పాతబస్తీలోకి వెళ్లే ప్రతి ఫార్మసీ విద్యార్థికీ ఈ కథ తెలియాలి.

నోటి మందుకు అసలు పరీక్ష కరగడం. నోయిస్, విట్నీ అనే ఇద్దరు 1897లోనే కరిగే వేగానికి సూత్రం రాశారు. కణం ఎంత చిన్నదైతే, నీటికి తగిలే పైభాగం ఎంత పెరిగితే, అంత త్వరగా కరుగుతుంది. దాదాపు వందేళ్లకు, 1995లో, గోర్డన్ ఆమిడాన్ బృందం మందులను నాలుగు తరగతులుగా విడగొట్టింది. బాగా కరిగి పేగు గోడను బాగా దాటేవి ఒకటి, కరగకపోయినా దాటేవి రెండు, కరిగినా దాటనివి మూడు, రెండూ చేతకానివి నాలుగు. ఇందులో కొలత చాలా సాదా. అత్యధిక మోతాదు మొత్తం 250 మి.లీ. నీటిలో, అంటే మాత్రతోపాటు తాగే గ్లాసుడు నీటిలో, కడుపులోని ఆమ్లం నుంచి పేగుల్లోని స్థితి వరకు ఎక్కడైనా కరగాలి. ఇవాళ ప్రయోగశాలల్లో పుడుతున్న అణువుల్లో ఎక్కువ భాగం రెండో తరగతికో నాలుగో తరగతికో చెందినవి. ప్రొటీన్ మడతల్లో గట్టిగా అతుక్కునేలా చేయాలని రసాయనికులు అణువును జిడ్డుగా, బరువుగా పెంచుతున్నారు. ఆ జిడ్డే పేగుల్లోని నీటిని తోసేస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు కాలం ఇందుకు భిన్నం. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలను నడిపిన ఆయన బృందం 1947 నాటికి బోదకాలుకు హెట్రజాన్‌ను తెచ్చింది. పత్తి ఎలుకల్లోని ఫైలేరియా పురుగుల మీద పరీక్షించి, నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుందని చూపించారు. దాని సిట్రేట్ లవణం నీళ్లలో హాయిగా కరిగిపోతుంది. అందుకే మాత్రగా చేయడం తేలిక, తర్వాతి కాలంలో ఉప్పులో కలిపి ఊళ్లకు ఊళ్లు తినిపించడమూ సాధ్యమైంది. ఈనాటి అణువులు అంత దయగలవి కావు.

మరి కరగని అణువును ఏం చేయాలి? ఇక్కడ రంగంలో రెండు మతాలున్నాయి. మొదటి మతం ప్రకారం తొలి పరీక్షకు ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. తూచిన మందు పొడిని సీసాలో పోసి ఆస్పత్రికి పంపుతారు, అక్కడ ఫార్మసిస్టు నీళ్లు కలిపి వలంటీర్‌కు తాగిస్తాడు. లేదా ఏమీ కలపని పొడిని యంత్రంతో నేరుగా క్యాప్సూల్‌లో నింపుతారు. ఇందులో లాభం స్పష్టం. కొత్త అణువుల్లో చాలావరకు తొలి దశల్లోనే రాలిపోతాయి కాబట్టి, వాటికోసం నెలల తరబడి మాత్రలు రూపొందించడం వృథా. మోతాదు ఒక మి.గ్రా. నుంచి వంద మి.గ్రా.కు పెంచాలంటే సీసాలో తూచే పొడి పెంచితే సరిపోతుంది. రెండో మతం వాళ్లు, చివరికి అమ్మబోయే మాత్రకు దగ్గరగా ఉన్న రూపంతోనే మొదలుపెట్టాలంటారు. లేకపోతే నడిమధ్యలో రూపం మార్చినప్పుడు రక్తంలో స్థాయి మారి, చేసిన పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి వస్తుందని వాళ్ల వాదన.

నా మొగ్గు మొదటి మతం వైపే, కానీ ఒక షరతుంది. రూపం సాదాగా ఉండొచ్చు గానీ మందు స్ఫటికం గురించి అజ్ఞానం ఉండకూడదు. ఒకే అణువు వేర్వేరు అమరికల్లో గడ్డకట్టగలదు, ఒక్కో అమరిక ఒక్కోలా కరుగుతుంది. హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ బజారులోకి వచ్చిన రెండేళ్లకు, 1998లో, అంతకుముందు ఎవరూ చూడని రెండో స్ఫటికం ప్రత్యక్షమైంది. అది చాలా తక్కువగా కరుగుతుంది. క్యాప్సూళ్లను ఆపేయాల్సి వచ్చింది, రోగులు కొన్నాళ్లు భరించలేని రుచి ఉన్న ద్రవం తాగారు. తర్వాత అణువును పాలిమర్‌లో కరిగించి పోతపోసినట్టు బయటకు తీసే పద్ధతితో 2005లో లోపినవిర్, రిటోనవిర్ కలిపిన మాత్ర వచ్చింది. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు. కరెంటు ఉండీ లేని ఊళ్లలో హెచ్‌ఐవీ రోగులకు అది ఎంత మేలో చెప్పలేం. హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో అలాంటి మాత్రలను తయారుచేసి ప్రపంచానికి పంపాయి. ఇక్కడి ఫార్ములేషన్ చేతివాటానికి అది గట్టి రుజువు.

కలిపేవాటి విషయంలో చరిత్ర ఇంకా కఠినంగా మాట్లాడింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్‌ను ద్రవంగా చేయడానికి డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించారు. మందు మంచిదే, కరిగించిన ద్రవం విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఏ జంతువుకైనా ఒక్కసారి తాగించి చూసి ఉంటే తెలిసేది. మరుసటి ఏడు ఆ దేశంలో కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో దగ్గు మందుల సీసాల్లో అదే విషం మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది. ఇంత పాత పాఠం ఇంకా పిల్లల ప్రాణాల మీద నేర్చుకోవాల్సి రావడం సిగ్గుచేటు. 1968లో ఆస్ట్రేలియాలో ఇంకో రకం పాఠం దొరికింది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ క్యాప్సూల్‌లో నింపుడు పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చారు. మోతాదు మారలేదు. కానీ మందు ఎక్కువగా రక్తంలోకి వెళ్లి రోగులు తూలిపోసాగారు. పాల చక్కెరకు తనంతట తానుగా ఏ విషమూ లేదు. ఉత్త నింపుడు పొడే కదా అనుకున్నది మోతాదును మార్చేసింది.

తెలుగు నేల మీద తొలి రూపాలు ఎలా పనిచేశాయో చూస్తే సాదా రూపానికి మంచి సాక్ష్యాలున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1960ల్లో విటమిన్ ఎ లోపంతో చూపు పోతున్న పిల్లల మీద పనిచేసింది. విటమిన్ ఎ నూనెలో కరుగుతుంది, కాలేయంలో నెలల తరబడి నిల్వ ఉంటుంది. ఈ రెండు గుణాలనూ పట్టుకుని, రోజూ మాత్ర ఇచ్చే బదులు ఏడాదికి ఒకసారి 3 లక్షల యూనిట్లు నూనెలో నోటి ద్వారా ఇచ్చి గ్రామాల్లో పరీక్షించారు. 1970లో ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చే జాతీయ కార్యక్రమం దాన్నుంచి వచ్చింది. అంగన్‌వాడీలో 2 మి.లీ. చెంచాతో పిల్లల నోట్లో పోసే ఆ మందు, తెలుగు పల్లెలు చూసిన అత్యుత్తమ ఫార్ములేషన్లలో ఒకటని నా నమ్మకం. అందులో యంత్రం లేదు, పూత లేదు. అణువు స్వభావం తెలిసినవాళ్లు చేసిన పని అది.

కొవిడ్ కాలంలో 2-డీజీ (2-డీఆక్సీ-డి-గ్లూకోజ్) పొడి ఇంకో ఉదాహరణ. ఢిల్లీలోని ఇన్‌మాస్ ప్రయోగశాల, హైదరాబాద్‌లోని సీసీఎంబీ 2020 ఏప్రిల్‌లో తొలి పరీక్షలు చేశాయి. డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి మనుషుల మీద పరీక్షలు నడిచాయి, 2021 మే 1న అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. మూడో దశలో 220 మంది రోగులున్నారు. అది గ్లూకోజ్‌కు దగ్గరి బంధువు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. బరువు కిలోకు రోజుకు 90 మి.గ్రా. చొప్పున 60 కిలోల మనిషికి 5.4 గ్రాములు కావాలి. అంత మందును మాత్రలుగా చేస్తే రోగి ఎన్ని మింగాలి? పైగా బరువును బట్టి మోతాదు మార్చాలి. సాచెట్‌లో పొడి పోసి నీళ్లలో కలుపుకోమనడం ఇక్కడ తాత్కాలిక ఏర్పాటు కాదు, సరైన రూపమే అది. ఆ పరీక్షల సాక్ష్యం అంత పెద్ద వాగ్దానానికి సరిపోయిందా అంటే నేను సరిపోలేదనే అంటాను. అనుమతి సాక్ష్యాన్ని మించి పరుగెత్తింది. కానీ రూపం ఎంపికలో తప్పు లేదు.

కడుపులోని ఆమ్లం ఇంకో గండం. ఒమెప్రజోల్ ఆమ్లం తగిలితే విరిగిపోతుంది. తొలి పరీక్షల్లో సోడా ఉప్పు లాంటి క్షారం తోడుచేసి ఇస్తే గట్టెక్కుతుంది, బజారుకు అది పనికిరాదు. డాక్టర్ రెడ్డీస్ 1991లో తెచ్చిన ఒమెజ్ క్యాప్సూల్ విప్పి చూస్తే లోపల ఆవగింజల్లాంటి గుళికలుంటాయి. ఒక్కో గుళికకు కడుపులో కరగని, పేగుల్లోనే కరిగే పూత ఉంటుంది. భారత్ బయోటెక్ రోటావైరస్ టీకా రోటావాక్ చుక్కల పరీక్షల్లోనూ ఇదే గండం ఎదురైంది. 2014లో ఫలితాలు వెలువడిన మూడో దశలో 6,799 మంది పసిపిల్లలున్నారు. చుక్కలకు ఐదు నిమిషాల ముందు ఆమ్లాన్ని చల్లార్చే బఫర్ ద్రవం పట్టించారు. తర్వాతి పరీక్షల్లో ఆ బఫర్ లేకపోయినా ఫలితం తగ్గడం లేదని తేలింది. ఆరోగ్య కార్యకర్త సంచిలో ఒక సీసా తగ్గింది, ఏడ్చే పిల్ల నోట్లో పోయాల్సిన ద్రవం తగ్గింది. తొలి రూపంలో భద్రత కోసం పెట్టినదాన్ని తర్వాత ధైర్యంగా ప్రశ్నించడమూ ఫార్ములేషన్ పనిలో భాగమే.

ఇన్ని విజయాలున్నా, కొత్త అణువు తొలి రూపం విషయంలో హైదరాబాద్ ఇంకా ఎదగాల్సిన నగరమే. ఈ పరిశ్రమ 1960ల్లో బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌తో పుట్టి, ముడి మందుల తయారీలో రాటుదేలి, ఇతరుల మాత్రకు సమానమైన మాత్ర చేయడంలో ప్రపంచస్థాయికి వెళ్లింది. జనరిక్ మాత్ర చేసేవాడి ముందు ఒక నమూనా ఉంటుంది, దాన్ని అందుకోవడమే లక్ష్యం. కొత్త అణువు ముందు నమూనా ఉండదు. ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి 1990ల్లో సొంత అణువుల కోసం పరిశోధనా సంస్థ పెట్టి, మధుమేహానికి బాలాగ్లిటజోన్, రాగాగ్లిటజార్‌లను రూపొందించి నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చినప్పుడు దేశమంతా గర్వపడింది. 2002లో జంతువుల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో రాగాగ్లిటజార్ ఆగిపోయింది. అది అణువు తెచ్చుకున్న ఓటమి, రూపం తప్పు కాదు. కానీ ఆ తర్వాత సొంత అణువుల మీద అంత పట్టుదల ఈ నగరంలో తగ్గింది, దాంతోపాటే నమూనా లేని చోట రూపం కట్టే విద్య కూడా పలచబడింది. ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో జాతీయ ఔషధ విద్యా పరిశోధనా సంస్థ, నైపర్, మొదలైంది. అక్కడా మన ఫార్మసీ కాలేజీల్లోనూ విద్యార్థులు మాత్ర కరిగే వేగాన్ని కొలిచే డిసాల్యూషన్ యంత్రం దగ్గర గడిపినంత సేపు స్ఫటికాల దగ్గర, ఎలుక రక్తం గ్రాఫుల దగ్గర కూడా గడపాలి.

ఇప్పటిదాకా మందు గురించి చెప్పాను. మింగే మనిషి గురించి చెప్పకపోతే సమీక్ష సగమే. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్‌కు తెచ్చి ఒక పరీక్షా కేంద్రంలో రొమ్ము క్యాన్సర్ మందు మీద బయోస్టడీ, అంటే రక్తంలో మందు స్థాయిని కొలిచే పరీక్ష, చేశారు. ఊరికి తిరిగి వెళ్లాక వాళ్లకు ఒళ్లునొప్పులు, నీరసం వచ్చాయి. ఏం మింగారో చాలామందికి తెలియదు. విషయం పత్రికల్లోకి వచ్చాక ఔషధ నియంత్రణ సంస్థ ఆ కేంద్రం అనుమతిని నిలిపేసింది. 2015లో ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ, హైదరాబాద్‌లోని ఒక పరీక్షా కేంద్రంలో ఈసీజీల తారుమారు బయటపడటంతో సుమారు 700 మందుల అనుమతులు నిలిపేయాలని సిఫారసు చేసింది. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమాలు పరిస్థితిని కొంత మెరుగుపరిచాయి. కొత్త అణువును బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద పరీక్షిస్తే సమ్మతి తీసుకునే తీరును వీడియో తీయాలి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది బయటివాళ్లు కావాలి, ఒక మామూలు పౌరుడుండాలి.

పాతబస్తీ లాంటి చోట తొలి రూపం గురించి ఇంకొన్ని అడగాలి. క్యాప్సూల్ పెంకు దేనితో చేశారు? సాధారణ పెంకు జిలాటిన్, అది పశువుల ఎముకలు, చర్మాల నుంచి వస్తుంది. యాఖుత్‌పురా ముస్లిం వలంటీర్‌కు అది ఏ జంతువు, ఎలా కోసింది అన్నది ప్రశ్న. గౌలిగూడ శాకాహారికి అసలు జంతువు అన్నదే ప్రశ్న. మొక్కల సెల్యులోజ్ నుంచి చేసే హెచ్‌పీఎంసీ పెంకు ఇద్దరికీ సమ్మతమే. దానికి సాంకేతికంగానూ మేలుంది. జిలాటిన్‌లో సుమారు 13 నుంచి 16 శాతం నీరుండాలి, హైదరాబాద్ మే నెల ఎండకు అది పెళుసెక్కుతుంది, జూలైలో అంటుకుంటుంది. హెచ్‌పీఎంసీలో నీరు తక్కువ. అది తెరుచుకోవడానికి మొదట్లో కొంచెం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని ముందే కొలిచి పెట్టుకోవచ్చు. మనిషి నమ్మకమూ మందు నిలకడా ఒకే వైపు మొగ్గుతున్నప్పుడు పాత పెంకునే పట్టుకు వేలాడటానికి కారణం ధర ఒక్కటే. తొలి పరీక్షల్లో వాడే కొన్ని వందల క్యాప్సూళ్లకు ఆ తేడా లెక్కలోకి రాదు.

తిండి సంగతి కూడా అంతే. పరగడుపు పరీక్షకు ముందు పది గంటలు, తర్వాత నాలుగు గంటలు ఏమీ తినకూడదు. తిన్నాక చేసే పరీక్షకు 800 నుంచి 1000 కేలరీల టిఫిన్ పెట్టాలి, అందులో సగం కొవ్వు నుంచి రావాలి. జిడ్డు మందులు కొవ్వు తిండితో ఎక్కువగా కరుగుతాయి. నులిపురుగులకు వాడే ఆల్బెండజోల్ కొవ్వు భోజనంతో తింటే రక్తంలో దాని స్థాయి పరగడుపుతో పోలిస్తే సుమారు ఐదు రెట్లు పెరుగుతుంది. తెల్లవారుజామున నహారీ, పాయా తినే పేటలో, రంజాన్ నెలలో సహ్రీకి కడుపునిండా తిని సాయంత్రం దాకా పచ్చినీళ్లు కూడా ముట్టనివాళ్ల మధ్య, మందును ఏ వేళ మింగుతారన్నది అంచనాలకు వదిలేసే విషయం కాదు. తొలి దశలోనే తిండి ప్రభావాన్ని ఇక్కడి తిండితో కొలవాలి. వెన్న రాసిన బ్రెడ్డు ముక్కతో వచ్చిన అంకె శాలిబండ రోగికి అంతగా పనికిరాదు.

ఎథిక్స్ కమిటీల్లో కూర్చునే పౌర సభ్యులకు నాదొక మనవి. మీ ముందుకొచ్చే ఫైల్లో మందు రసాయనం గురించి, డబ్బు పరిహారం గురించి చాలా పేజీలుంటాయి. తొలి మోతాదు రూపం గురించి ఒకటో రెండో పేజీలుంటాయి. ముందు వాటిని తెరవండి. ఎలుకలకిచ్చిన రూపమూ మనిషికివ్వబోయే రూపమూ ఒకటేనా, కాకపోతే రక్తంలో ఎంత తేడా వచ్చిందని అడగండి. మోతాదు పెంచినప్పుడు ఎలుక రక్తంలో స్థాయి పెరిగిన గ్రాఫు చూపించమనండి. పెంకు దేనిదో, మందుతో ఏమేం కలిపారో సమ్మతి పత్రంలో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. జవాబు లేని ఫైలు మీద సంతకం పెట్టకండి.